వంటిల్లు మార్పించే ముందు: గోడలోకి వెళ్ళేవి మొదట, కంటికి కనిపించేవి ఆఖర్న

వంటిల్లు మార్పిద్దామనుకోగానే చాలామంది మొదట చేసే పని షట్టర్ల రంగులు చూడటం. ఫోన్లో ఫొటోలు దాచుకుంటాం, షోరూముకెళ్ళి సొరుగు లాగి వదిలితే అది మెల్లగా మూసుకోవడం చూసి ముచ్చటపడతాం, అడ్వాన్సు కూడా ఇచ్చేస్తాం. తీరా పని మొదలయ్యాక ఎలక్ట్రీషియన్ వచ్చి "గ్రైండర్ పాయింటు ఎక్కడ పెట్టమంటారమ్మా" అని అడిగితే ఇంట్లో నలుగురూ నాలుగు వైపులు చూపిస్తారు. నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది ఒకటే. రంగులు, హ్యాండిళ్ళు, డోర్లు ఐదేళ్ళ తర్వాతైనా మార్చుకోవచ్చు, కానీ గోడలోకీ నేలలోకీ వెళ్ళిపోయే నీళ్ళ పైపు, మురుగు పైపు, కరెంటు వైరు, పొగ బయటికి పోయే దారి మళ్ళీ కదపాలంటే వేసిన టైల్స్ పగలగొట్టాలి. అందుకే ముందు ఇవి తేలాలి, మిగతావి ఆ తర్వాత.

ఉదాహరణకి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదిహేను, ఇరవై ఏళ్ళ కిందట కట్టిన అపార్ట్‌మెంటులో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు అనుకుందాం. వంటిల్లు 8 బై 10 అడుగులు, పక్కనే గ్రిల్లు వేసిన చిన్న వాష్ ఏరియా, నల్ల గ్రానైట్ గట్టు, దాని కింద కడప బండల అరలు. మన ఊళ్ళలో ఎక్కువగా మార్పించేది ఇలాంటి వంటిళ్ళనే.

మొదటి పని: మీ వంటింట్లో ఏం జరుగుతోందో చూడండి

టేపు, పెన్సిలు పక్కన పెట్టి, ఇంట్లో ఎక్కువగా వంట చేసేది ఎవరో వాళ్ళను ఒక పొద్దున పూర్తిగా గమనించండి. దోసెల రోజైతే ఇంకా మంచిది. ఫ్రిజ్‌లోంచి పిండి గిన్నె తీస్తారు, దించుకోవడానికి ఫ్రిజ్ పక్కన జానెడు చోటుండదు, గిన్నె చేత్తో పట్టుకునే మోకాలితో తలుపు మూస్తారు. పెనం పొయ్యి కింద, అట్లకాడ సింకు పైన స్టాండులో, నూనె ఇంకో మూల. చట్నీకి మిక్సీ తిప్పాలంటే వాటర్ ఫిల్టర్ ప్లగ్గు పీకాలి. ఈలోగా పెనం మీద దోసె మాడుతుంటుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే చాలు, ఏ డిజైనర్ దగ్గరికి వెళ్ళినా మీరు మాట్లాడాల్సింది ఆ కాగితం చూసే.

పనిమనిషి వస్తుంటే ఆవిణ్ణి కూడా అడగండి. అంట్లు నిలబడి తోముతుందా, వాష్ ఏరియాలో కూర్చునా? పెద్ద కుక్కరు, ఇడ్లీ పాత్ర ఇప్పుడున్న సింకులో పడుతున్నాయా? రోజూ ఆ పని చేసే మనిషిని అడక్కుండా సింకు కొనేవాళ్ళే ఎక్కువ, అది సరికాదు.

తర్వాత సామాన్ల లెక్క. అరలన్నీ ఖాళీ చేసి మూడు కుప్పలు పెట్టండి: రోజూ వాడేవి, వారానికో పండక్కో తీసేవి, ఏడాదిగా ముట్టనివి. మూడో కుప్పను ఇచ్చేయడమో అమ్మేయడమో ఇప్పుడే జరగాలి, లేకపోతే వాటి కోసం కూడా అడుగుల లెక్కన డబ్బు పెట్టి అరలు చేయిస్తారు. మిగిలిన వాటిలో పెద్దవన్నీ కొలిచి రాయండి. ఆవకాయ జాడీ మూతతో సహా ఎంత ఎత్తు? వెట్ గ్రైండర్ ఎంత బరువు, రోజూ ఎత్తి దించగలరా, గట్టు మీదే ఉండాలా? బియ్యం బస్తా ఎక్కడ? 2022 జూలైలో 25 కిలోల లోపు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేసినప్పటి నుంచి చాలా షాపుల్లో బస్తా 26 కిలోలది వస్తోంది. అంత బరువు తీగల బుట్టల్లో పెట్టలేం. నేలకు దగ్గరగా, గట్టి అడుగుతో, తేమ తగలని ఒక అర కావాలి. రోలు ఉంటే దానికీ అంతే. కత్తిపీట మీద తరిగే అలవాటు పెద్దవాళ్ళకి ఉంటే నేల మీద కూర్చునేంత జాగా వదలాలి, ఐలాండ్ కౌంటర్ (గది మధ్యలో విడిగా కట్టే గట్టు) మోజులో దాన్ని మింగేయకండి.

రెండోది: ఏ గోడ ముట్టుకోవచ్చు, ఎవరిని అడగాలి

వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేద్దామనే ఆలోచన ఉంటే, అది ఉత్త ఇటుక గోడా లేక లోపల పిల్లరో బీమో ఉందా అన్నది ముందు తేలాలి. బిల్డర్ ఇచ్చిన స్ట్రక్చరల్ డ్రాయింగ్ అసోసియేషన్ దగ్గర ఉండొచ్చు, అడగండి. లేకపోతే ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకి ఫీజు ఇచ్చి చూపించండి. "నాలుగున్నర అంగుళాల గోడే కదా" అని మేస్త్రీ ఇచ్చే హామీ ఇక్కడ సరిపోదు. మీది ఈమధ్య కట్టిన ఎత్తైన టవరైతే ఇంకా జాగ్రత్త. మైవాన్ షట్టరింగ్‌తో, అంటే అల్యూమినియం అచ్చులు బిగించి గోడలూ శ్లాబూ కలిపి పోసిన బిల్డింగుల్లో గోడలే కాంక్రీటు, బరువు మోసేది కూడా అవే. అక్కడ గోడ తీయడం మాట అటుంచి, వైర్ల కోసం లోతుగా గాడి కొట్టడం కూడా కుదరదు. పైపులూ వైర్లూ పైపైన తీసుకెళ్ళి క్యాబినెట్ల వెనక దాచాల్సి వస్తుంది, దానికి తగ్గట్టు క్యాబినెట్ లోతు తగ్గుతుంది.

అసోసియేషన్‌కి రాతపూర్వకంగా చెప్పండి. పని వేళలు, లిఫ్టులో సామాను ఎక్కించొచ్చా, ఇసుక ఎక్కడ దించాలి, డిపాజిట్ ఎంత. శిథిలాల సంగతి కూడా ఇప్పుడే మాట్లాడండి. పగిలిన టైల్స్, ఇటుక ముక్కలు చెత్తబండి వాళ్ళు తీసుకెళ్ళరు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో భవన శిథిలాల రీసైక్లింగ్ ప్లాంట్లున్నాయి. ఎక్కడో చెరువు గట్టున పడేసే ఆటోవాడికి ఇవ్వకుండా, అక్కడికి చేరేలా చూసుకోండి.

మూడోది: సుద్దముక్కతో గీసి చూడండి

కంప్యూటర్లో త్రీడీ బొమ్మ ఎంత బాగున్నా, నేల మీద సుద్దముక్కతో అసలు సైజులో గీసి చూసే దాకా దాన్ని నమ్మకండి. గట్టు వెడల్పు 24 అంగుళాలు, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటే ఎంత, ఓవెన్ తలుపు కిందికి దిగితే ఎంత, రెండు గట్ల మధ్య ఎంత, అన్నీ గీయండి. ఎదురెదురు గట్ల మధ్య మూడున్నర అడుగులైనా ఉండాలి. ఇద్దరు కలిసి పనిచేసే ఇల్లయితే నాలుగు. 8 అడుగుల వెడల్పులో రెండు వైపులా 2 అడుగుల గట్టు పోతే మధ్యలో సరిగ్గా నాలుగే మిగులుతాయి. ఫ్రిజ్ గట్టుకంటే ముందుకొస్తే అక్కడ మూడుంపావే అవుతుంది. ఇంట్లో ఇద్దరు ఆ గీతల మధ్య నిలబడి, ఒకరు అన్నం వార్చినట్టు, ఇంకొకరు వెనకనించి వెళ్తున్నట్టు చేసి చూడండి.

వాస్తు పట్టింపు ఉంటే అది కూడా ఈ దశలోనే తేలిపోవాలి. ఆగ్నేయంలో పొయ్యి, తూర్పు ముఖంగా వంట, పొయ్యికి సింకు ఆనుకుని ఉండకూడదు, ఇవి మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తప్పకుండా అడుగుతారు. నమ్మకం మీది, నిర్ణయం మీది. కానీ పైపులు వేశాక అత్తగారో నాన్నగారో సిద్ధాంతిని తీసుకొస్తే టెన్షన్, ఖర్చు రెండూ మీకే. పొయ్యికీ సింకుకీ మధ్య రెండు, మూడు అడుగుల ఖాళీ గట్టు ఉండటం వాస్తుతో సంబంధం లేకుండా కూడా మంచిదే, తరుగుకోవడానికి, వేడి గిన్నె దించడానికి అదే చోటు.

గట్టు ఎత్తు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నడుంనొప్పికి ఇది పెద్ద కారణం, అయినా దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. మేస్త్రీకి వదిలేస్తే అలవాటుగా 32 లేదా 33 అంగుళాలు కట్టేస్తాడు. వంట చేసే మనిషి మామూలుగా వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి మోచెయ్యి మడిస్తే, నేల నుంచి మోచేతి దాకా ఎంత ఉందో కొలిచి, అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేయండి. తరగడానికి, చపాతీ పిండి కలపడానికి అది సరైన ఎత్తు. పొయ్యి దగ్గర లెక్క మారుతుంది. గట్టు మీద స్టవ్వు, దాని మీద కుక్కరు పెడితే గరిటె తిప్పే చెయ్యి భుజం దాకా లేస్తుంది. అందుకే మామూలు స్టవ్వు వాడేవాళ్ళు ఆ మేరకు గట్టు మూడు, నాలుగు అంగుళాలు దించుకుంటే హాయి. గట్టులోకి దిగే హాబ్ అయితే అంత అవసరం లేదు. సింకు దగ్గర దీనికి పూర్తిగా ఉల్టా, చేతులు తొట్టిలోకి దిగుతాయి కాబట్టి ఒకటి రెండు అంగుళాలు ఎత్తు ఉన్నా ఇబ్బంది లేదు. ఇంట్లో డైనింగ్ టేబుల్ ఉంటుంది కదా, దాని మీద పుస్తకాలు పేర్చి, పైన చపాతీ పీట పెట్టి, రెండు మూడు ఎత్తుల్లో నిజంగా చపాతీలు వత్తి చూడండి. ఏ ఎత్తు దగ్గర భుజాలు వదులుగా ఉన్నాయో ఆ అంకె రాసుకోండి. గుర్తుంచుకోండి, ఈ ఎత్తు కొత్త టైల్స్ వేశాక ఉండే నేల నుంచి. పాత నేల మీదే కొత్త టైల్స్ వేయిస్తే అంగుళం దాకా నేల పైకొస్తుంది.

నాలుగోది: నీళ్ళు వచ్చే దారి, పోయే దారి

సింకు జరపాలనుకుంటే ముందు మురుగు పైపు ఎక్కడుందో చూడండి. నీళ్ళొచ్చే పైపుని ఎటైనా తిప్పొచ్చు, పోయే పైపుకి మాత్రం వాలు కావాలి. అడుగుకి పావు అంగుళం వాలు అనుకుంటే, సింకు ఎనిమిదడుగులు జరిపితే పైపు ఒక చివర 2 అంగుళాలు పైకి లేవాలి, పైపు మందం దానికి అదనం. ఆ ఎత్తు క్యాబినెట్ల కింద కాళ్ళ మధ్య దొరుకుతుందా, మధ్యలో గుమ్మం అడ్డొస్తుందా? అడ్డొస్తే సింకు ఉన్నచోటే ఉంచి మిగతావి దాని చుట్టూ సర్దుకోవడం తెలివైన పని. పాత ఫ్లాట్లలో మురుగు పైపు శ్లాబు కింద, అంటే కింది ఇంటివాళ్ళ కప్పు దగ్గర వేలాడుతుంటుంది. దాన్ని ముట్టుకోవాలంటే వాళ్ళ అనుమతి, వాళ్ళ ఇంట్లో పని.

సింకు ఒక్కటే గుర్తుంటుంది అందరికీ. వాటర్ ఫిల్టర్‌కి లోపలికి ఒక పాయింటు, అది వదిలేసే నీళ్ళకి ఒక దారి కావాలి. చాలా ఆర్వో మిషన్లు శుద్ధి చేసినదానికంటే ఎక్కువ నీళ్ళు వదిలేస్తాయి, ఆ పైపు వాష్ ఏరియాలో బకెట్ దాకా తీసుకెళ్తే ఇల్లు తుడవడానికి పనికొస్తాయి. డిష్‌వాషర్ ఇప్పుడు కొనకపోయినా దానికో నీళ్ళ పాయింటు, ఒక డ్రైన్, ఒక 16 ఆంప్స్ సాకెట్ పెట్టి మూసేయండి. వేడినీళ్ళ లైనుకి వేడికి ఆగే ప్లాస్టిక్ రకం, సీపీవీసీ పైపు వేయించండి. మున్సిపల్ నీళ్ళు, బోరు నీళ్ళు విడిగా వచ్చే ఇల్లయితే ఏ కొళాయికి ఏది అన్నది డ్రాయింగ్ మీద రాయాలి. వంటింటి మొత్తానికీ ఒక వాల్వు, చెయ్యి అందే చోట, తప్పనిసరి.

ఐదోది: కరెంటు లెక్క కాగితం మీద వేయండి

ఇప్పుడున్నవీ, రెండేళ్ళలో కొనబోయేవీ అన్నీ రాసి, పక్కన వాటి వెనక స్టిక్కర్ మీదున్న వాట్లు రాయండి. మిక్సీ 750, ఇండక్షన్ స్టవ్వు 2000, డిష్‌వాషర్ 2000 దగ్గర, చిన్న ఇన్‌స్టంట్ గీజర్ 3000. ఒక 16 ఆంప్స్ లైను 230 వోల్టుల దగ్గర మోయగలిగేది 3680 వాట్లు. ఇండక్షనూ డిష్‌వాషరూ ఒకే లైను మీద ఒకేసారి నడిస్తే లోడ్ దాన్ని దాటిపోతుంది, వైరు వేడెక్కుతుంది, ట్రిప్ కూడా అవ్వొచ్చు. అందుకే పెద్ద వాటికి మెయిన్ బోర్డు నుంచి విడివిడి లైన్లు, విడివిడి ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చులు). ఆ 16 ఆంప్స్ లైన్లకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అడగండి. పాత ఇళ్ళల్లో సన్న వైరు మీదే కొత్త 16 ఆంప్స్ సాకెట్ బిగించి వెళ్ళిపోయేవాళ్ళుంటారు, బయటికి తేడా కనిపించదు, లోపల వైరు వేడెక్కుతుంది. కరెంటు లీకైతే షాక్ తగలకుండా వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి, తడిచేతులతో పని జరిగే గది ఇది. కరెంటు బిల్లు మీద మీ కాంట్రాక్టెడ్ లోడ్ ఎన్ని కిలోవాట్లో ఉంటుంది, కొత్త లెక్క దాన్ని దాటితే లోడ్ పెంచమని ముందే దరఖాస్తు పెట్టుకోండి.

సాకెట్లు ఎక్కడ? గట్టు పైన ఎనిమిది, పది అంగుళాల ఎత్తులో, సింకుకీ పొయ్యికీ దూరంగా, తరిగే చోటుకి దగ్గరగా ఉంటే మిక్సీని తీగ లాక్కుంటూ తిప్పక్కర్లేదు. గోడ మీద పెన్సిల్‌తో సాకెట్ సైజులో గళ్ళు గీసి, పక్కన "మిక్సీ", "ఫిల్టర్", "ఫ్రిజ్", "చిమ్నీ" అని రాసేయండి. ఎలక్ట్రీషియన్‌కి అంతకంటే మంచి డ్రాయింగ్ లేదు. లైటు ఒకటి మధ్యలో వేలాడితే మీ నీడ మీరు తరిగే కూర మీదే పడుతుంది, పై క్యాబినెట్ల కింద లైటుకి వైరు ఇప్పుడే లాగించాలి.

ఆరోది: గ్యాస్, పొగ

సిలిండర్ వాడేవాళ్ళు ఒక విషయం గట్టిగా పట్టుకోండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగి నేలబారున నిలుస్తుంది. సిలిండర్‌ని అందమైన క్యాబినెట్‌లో మూసిపెడితే అది లోపలే పేరుకుంటుంది. ఆ అర కింది భాగంలో గాలి ఆడే జాలీ ఉండాలి, సిలిండర్ నిటారుగా నిలబడాలి, రెగ్యులేటర్ దాకా చెయ్యి తేలిగ్గా పోవాలి, ఆ అరలో కరెంటు సాకెట్ అసలు ఉండకూడదు. అవకాశముంటే గాలి ధారాళంగా ఆడే వాష్ ఏరియాలో పెట్టి, డీలర్ పంపే మనిషితో పైపు వేయించుకోవడం నాకు మరింత మంచిదనిపిస్తుంది. రబ్బరు గొట్టం సురక్ష మార్కుది, ఐదేళ్ళకోసారి మార్చాలి. పైపు గ్యాస్ ఉన్న ఇళ్ళల్లో మీటరు, పైపు జరపడం గ్యాస్ కంపెనీ వాళ్ళ పనే, మీ ప్లంబర్ చేయకూడదు. వాళ్ళు వచ్చే తేదీ దొరికాకే పగలగొట్టే తేదీ పెట్టుకోండి.

చిమ్నీ కొనేముందు గొట్టం ఎటు పోతుందో చూడండి. మన వంటల్లో తాలింపు, వేపుళ్ళు రోజూ ఉంటాయి, కాబట్టి పొగను గొట్టంతో బయటికి పంపే చిమ్నీయే కావాలి. 6 అంగుళాల గొట్టం, వీలైనంత పొట్టిగా, తక్కువ మలుపులతో. ఒక్కో మలుపు దగ్గరా లాగే బలం తగ్గిపోతుంది, గంటకి 1200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని డబ్బా మీద రాసున్న చిమ్నీ నాలుగు మలుపుల తర్వాత ఫ్యానులా శబ్దం మాత్రం చేస్తుంది. అందుకే పొయ్యి బయటి గోడకి దగ్గరగా ఉంటే మేలు. గోడకి రంధ్రం బీమును తప్పించి కొట్టించాలి. పొయ్యికీ చిమ్నీకీ మధ్య ఎత్తు కంపెనీ పుస్తకంలో ఉంటుంది, మామూలుగా 26 నుంచి 30 అంగుళాలు. పొడుగ్గా ఉన్నవాళ్ళు నుదురు తగలకుండా చూసుకోవాలి.

ఏడోది: మెటీరియల్

గట్టుకి గ్రానైటే నా ఓటు. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ఉంది, వేడి కుక్కరు నేరుగా దించినా తట్టుకుంటుంది. క్వార్ట్జ్ అంత తేలిగ్గా మరకలు పట్టదు కానీ బాగా వేడి గిన్నె పెడితే మచ్చ పడొచ్చు. క్యాబినెట్ల పెట్టెలకి ఎంఆర్ (కాస్త తేమకి మాత్రమే ఆగే రకం) ప్లైవుడ్ వంటింటి తేమకి ఆగదు. సింకు కింద, వాష్ ఏరియా వైపు ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లై (నీళ్ళకి బాగా ఆగే రకం) తీసుకోండి, మిగతా చోట్ల దానికంటే ఒక మెట్టు కిందిది, బీడబ్ల్యూఆర్ సరిపోతుంది. ముద్ర ప్లై షీటు మీదే ఉంటుంది, కోయకముందే చూసి ఫొటో తీసుకోండి. డబ్బు తగ్గించుకోవాలంటే షట్టర్ల మెరుపులో తగ్గించండి, కీళ్ళలో, సొరుగు ఛానెళ్ళలో వద్దు. నేలకి జారని మ్యాట్ టైల్స్.

సింకు, హాబ్, చిమ్నీ, ఓవెన్ మోడళ్ళు ఇప్పుడే ఖరారు కావాలి, వస్తువు ఇంటికి రాకముందు గ్రానైట్‌కి రంధ్రం కొట్టనివ్వకండి.

ఎనిమిదోది: కొటేషన్ చదవడం

ఇద్దరు ముగ్గురి దగ్గర తీసుకుంటారు కదా, అంకెలు పోల్చే ముందు వాళ్ళు కొలిచే పద్ధతి ఒకటేనా చూడండి. ఒకరు షట్టర్ ముందుభాగం చదరపు అడుగుల్లో కొలుస్తారు, ఒకరు రన్నింగ్ ఫీటు (పొడవు మాత్రమే), ఇంకొకరు లోపలి పలకలన్నీ విడిగా. పాతది పగలగొట్టడం, చెత్త తీసుకెళ్ళడం, ప్లంబింగ్, వైరింగ్, గ్రానైట్ అంచు నున్నగా చేయడం, బుట్టలు, హ్యాండిళ్ళు, చిమ్నీ బిగింపు, జీఎస్టీ, వీటిలో ఏవి కలిపారో ఏవి కలపలేదో ఒక్కొక్కటీ అడిగి రాయించుకోండి. ప్లై కంపెనీ, గ్రేడు, మందం, కీళ్ళ మోడల్ కాగితం మీద ఉండాలి, "మంచి క్వాలిటీ" అన్న మాట సరిపోదు. డబ్బు పని జరిగిన మేరకే ఇవ్వండి, ఆఖరి పది శాతం అన్ని సొరుగులూ సరిగ్గా మూసుకుని, సింకు కింద నీటిచుక్క లేదని చూశాకే. మొత్తం మీద 10 నుంచి 15 శాతం విడిగా ఉంచుకోండి, పాత టైల్స్ తీస్తే వెనక ఏముందో ముందు ఎవరూ చెప్పలేరు.

తొమ్మిదోది: వరుస, తేదీలు

పగలగొట్టడం, పైపులు వైర్లు, ప్లాస్టరింగ్ అది ఆరేదాకా ఆగడం, నేల టైల్స్, గట్టు, గోడ టైల్స్, ఒక కోటు రంగు, తర్వాత ఆఖరి కొలతలు, అప్పుడు క్యాబినెట్ల ఆర్డరు. చాలామంది క్యాబినెట్లు త్వరగా రావాలని పాత గోడల కొలతలు ఇచ్చేస్తారు. టైల్స్ మందం రెండు వైపులా కలిస్తే అంగుళం పైనే పోతుంది, చేసిన పెట్టె ఆ జాగాలో పట్టదు. ఫ్యాక్టరీ నుంచి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ గ్యాప్‌లో గట్టు మీద మామూలుగా వండుకోవచ్చు.

తేదీలు పెట్టేటప్పుడు మూఢం, ఆషాఢం చూసుకునే ఇల్లయితే ముందే చూసుకోండి. అలాగే హైదరాబాద్‌లో చాలామంది కార్పెంటర్లు రాజస్థాన్, బీహార్, యూపీల నుంచి వచ్చినవాళ్ళు, హోలీకో దీపావళికో ఊరెళ్తే పని సగంలో ఆగుతుంది. ఆవకాయ రోజుల్లో, ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలున్నప్పుడు అసలు మొదలుపెట్టకండి.

తాత్కాలిక వంటిల్లు బాల్కనీలోనో వాష్ ఏరియాలోనో పెట్టుకోండి: ఒక ఇండక్షన్, ఒక కుక్కరు, రెండు గిన్నెలు, పోపుల డబ్బా, తాగేనీళ్ళ క్యాను. మిగతావన్నీ అట్టపెట్టెల్లో, పైన ఏముందో రాసి. ఫ్రిజ్ హాల్లోకి.

పగలగొట్టే ముందురోజు సాయంత్రం కింది ఇంటివాళ్ళకీ పక్కింటివాళ్ళకీ చెప్పి రండి, నెలల పిల్లలో ముసలివాళ్ళో ఉంటే ఏ వేళ వద్దో అడగండి. గదుల తలుపులకి ప్లాస్టిక్ షీటు అంటించండి. వంటింటి ఎంసీబీ దించి, నీళ్ళ వాల్వు మూసి, సిలిండర్ బయట పెట్టి, గ్యాస్ పైపు ఉంటే దాన్ని కంపెనీ మనిషి మూసేశాడని ఇంకోసారి చూసుకోండి. ఆఖరుగా నేల జాలీ తీసి, మురుగు పైపుల నోళ్ళన్నిట్లో పాతగుడ్డ గట్టిగా కుక్కి పైన టేపు వేయండి. లోపలికి సిమెంటు పెళ్ళ ఒకటి జారినా, కొత్త వంటింట్లో మొదటి వారమే సింకు నిండి పైకొస్తుంది.